నెగటివ్ ఎక్కడుందిరా?

పోయిన నెల విజయవాడలో మా దగ్గరి చుట్టాల పెళ్లికి వెళ్లాం. బాబాయి మనవడు, అంటే కూతురి కొడుకు, బెంగళూరు నుంచి వచ్చాడు, మెడలో పాత ఫిల్మ్ కెమెరా, పెంటాక్స్ కె1000, వేలాడేసుకుని. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ కొన్నాడట. రీలు ఒక్కోటి వెయ్యి రూపాయల పైమాటేనట, పెళ్లికి రెండే తెచ్చాడట, మొత్తం డెబ్బై రెండు ఫోటోలు, కాబట్టి ప్రతిదానికీ ఆలోచించి నొక్కాలట. నేను అడక్కుండానే ఇవన్నీ చెప్పుకుపోతున్నాడు. వినడానికి బాగానే ఉంది. ఆ ఊపులోనే అన్నాడు: "డిజిటల్‌లో కష్టమేముంది మావయ్యా, మెషినే తీసేస్తుంది. పనితనమంటే ఫిల్మే."

మా వెనకాలే పెళ్లి ఫోటోగ్రాఫర్ నిలబడి లెన్స్ మారుస్తున్నాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. ముందురోజు పెళ్లికొడుకుని చేసినప్పటినుంచి అతను కూర్చోగా నేను చూడలేదు. రెండు భుజాలకీ రెండు కెమెరాలు, చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. ఆ మాట విన్నాడు. ఏమీ అనకుండా లెన్స్ టక్కున బిగించి మండపం వైపు వెళ్లిపోయాడు.

బాబాయి నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. డెబ్బై ఆరేళ్లు. రేపల్లెలో ముప్పై ఏళ్లకు పైగా స్టూడియో నడిపాడు. మనవడి చేతిలోంచి కెమెరా తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి షట్టర్ నొక్కి విని, "ఇంతకుముందు తీసినవి చూపించు" అన్నాడు. వాడు ఫోన్ తీశాడు. బాగున్నాయి, నిజంగానే బాగున్నాయి. బాబాయి రెండు మూడు చూసి, "నెగటివ్ ఎక్కడుందిరా?" అన్నాడు. అంటే మందులో కడిగాక రీలు మీద వెలుగునీడలు తారుమారై ఉండే అసలు బొమ్మ.

"ల్యాబ్ వాళ్లు కడిగి స్కాన్ చేసి పంపిస్తారు తాతయ్యా. నెగటివ్‌లు వాళ్ల దగ్గరే ఉన్నాయి, నేను తెచ్చుకోలేదు."

"ఊఁ" అని కెమెరా తిరిగి ఇచ్చేశాడు.

నిజం చెప్పాలంటే నేనూ ఆ పిల్లాడి జట్టే. నా దగ్గరా ఒక యాషికా ఫిల్మ్ కెమెరా ఉంది, ఆదివారాలు బ్లాక్ అండ్ వైట్ రీలు వేసి చార్మినార్ చుట్టుపక్కల తిరుగుతుంటాను, ఐదేళ్ల కిందట ఎవరైనా అడిగితే వాడు చెప్పినవే ఇంకా పెద్ద మాటల్లో చెప్పేవాణ్ణి. బాబాయి అడిగిన ఆ చిన్న ప్రశ్న వాడికంటే నాకే ఎక్కువ గుచ్చుకుంది. రీలు నేనూ ల్యాబ్‌కే ఇస్తాను. కాకపోతే నెగటివ్‌లు తెచ్చుకుంటాను, తెచ్చి డ్రాయర్లో పడేస్తాను. ఆ రోజు నుంచీ దీని గురించే ఆలోచిస్తుంటే ఒక అభిప్రాయానికి వచ్చాను. ఫోటో చెడిపోతే "ఇది నా తప్పే, ఇదిగో ఇక్కడ జరిగింది" అని వేలు పెట్టి చూపించగలిగినవాడికే, బాగా వచ్చినప్పుడు కాలరెగరేసే హక్కు ఉంటుంది. కెమెరాలో ఫిల్మ్ ఉందా సెన్సార్ ఉందా అన్నది ఆ తర్వాత సంగతి. ఇది తేలిగ్గా ఒప్పుకోగలిగిన మాటలాగే కనిపిస్తుంది గానీ, నాకే ఇందులో బోలెడు అనుమానాలున్నాయి.

మెట్ల కింద గది

బాబాయి డార్క్ రూమ్ మెట్ల కింద ఉండేది. ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటుండదు. తలుపుకి లోపలివైపు నల్ల గొంగళి, గోడకి ఎర్ర బల్బు, బల్ల మీద మూడు ఎనామెల్ ట్రేలు, పక్కన నెగటివ్‌ని కాగితం మీద పెద్దది చేసి వేసే ఎన్‌లార్జర్. ట్రేలో తెల్ల కాగితం మీద బొమ్మ మెల్లగా తేలి రావడం గురించి ఇప్పటికే చాలామంది చాలా అందంగా రాశారు, ఆ పని వాళ్లకే వదిలేస్తున్నా. నాకు గుర్తున్నది ఐసు.

రీలు కడిగే మందు, అంటే డెవలపర్, 20 డిగ్రీల దగ్గర ఉండాలి. పుస్తకాలు రాసినవాళ్లది చల్లటి దేశం, వాళ్లకి కుళాయి తిప్పితే ఆ నీళ్లు వస్తాయి. రేపల్లెలో మే నెలలో బిందెలో నీళ్లే 30 దాటి ఉండేవి. ఫిల్మ్ మీద ఉండే పూత జిలెటిన్ కాబట్టి వేడికి మెత్తబడుతుంది, ముడతలు పడుతుంది, మరీ వేడెక్కితే అంచుల దగ్గర లేచిపోతుంది. అందుకని ఎండాకాలం ఆ పనంతా తెల్లవారుజామున నాలుగింటికి. సోడా కొట్టు నుంచి ముందురోజు రాత్రే గోనెసంచిలో చుట్టి ఐసుగడ్డ తేవడం నా డ్యూటీ. దాన్ని డెవలపర్‌లో వేయకూడదు, మందు పలచబడిపోతుంది. పెద్ద బేసిన్‌లో ఐసు వేసి, ఆ మధ్యలో డెవలపర్ డబ్బా పెట్టాలి. మందు కూడా ఇంట్లో కలుపుకున్నదే: లీటరుకి మెటాల్ 2 గ్రాములు, సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బొరాక్స్ 2. తూకానికి కంసాలి త్రాసు. ముందు చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్, ఆ తర్వాతే మిగతావి. ఆ వరస తప్పితే మెటాల్ సరిగ్గా కరగదు.

బాబాయి డబ్బాలో చిటికెన వేలు ముంచి "ఇంకో రెండు నిమిషాలు ఆగాలి" అనేవాడు. థర్మామీటర్ లేదు. పదేళ్ల వయసులో నాకది విద్యల్లోకెల్లా విద్యలాగా అనిపించింది, కాలేజీలో ఫ్రెండ్స్‌కి గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఈమధ్య అదే సంగతి ఎత్తితే ఆయన నవ్వాడు. "ఆ వేలితోనే రెండు పెళ్లి రీళ్లు నల్లగా మాడ్చానురా. ఆ తర్వాత బుద్ధొచ్చి గుంటూరు వెళ్లి థర్మామీటర్ కొన్నా. నువ్వు చూసినప్పుడు డబ్బుల్లేక వేలు పెట్టా, గొప్ప కోసం కాదు."

ఇంకో సంగతి. మెటాల్ ఆయన ఒంటికి పడేది కాదు. వేళ్ల సందులు పగిలి, అన్నం కలుపుకుంటే మంట పుట్టేది. పిన్ని కలిపి పెట్టేది. 2005లో డిజిటల్ కెమెరా కొన్న రోజు ఆయన బాధపడ్డాడేమోనని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. అడిగితే, "ట్రేలు మడత మంచం కింద తోసేసి హాయిగా నిద్రపోయా" అన్నాడు.

అసలు ఆయన చేతిపని డిజిటల్ వచ్చి పోగొట్టిందీ కాదు. అంతకు పదేళ్ల ముందే కలర్ ల్యాబ్ వచ్చింది. కలర్ నెగటివ్ 38 డిగ్రీల దగ్గర, సెకన్ల లెక్కన కడగాలి, డెవలపర్‌లో మూడుంపావు నిమిషాలు, అంతే. అది మెషిన్‌కే కుదిరే పని, మెట్ల కింద గదికి కాదు. అప్పట్నుంచీ ఊరూరా స్టూడియోల వాళ్లు రీళ్లు పోగేసి బస్సులో విజయవాడకో గుంటూరుకో పంపి, ప్రింట్లు కవర్లలో తెచ్చుకునేవాళ్లు. ఎర్ర బల్బు పాస్‌పోర్ట్ ఫోటోలకి మిగిలింది. ప్రింట్లు వేసే బ్రోమైడ్ పేపర్ మీద "ఇందు" అని ఉండేది చూశారా, కేంద్ర ప్రభుత్వం 1960లో ఊటీలో పెట్టిన కంపెనీ, అదీ మూతబడింది. డిజిటల్ వచ్చి పనితనాన్ని చంపేసిందని రాసేవాళ్లు ఆ మధ్యలో పోయిన పదేళ్లని మింగేస్తారు. చంపింది ఫిల్మే, కలర్ ఫిల్మ్.

జారిన రీలు

ఇది 80లలో సంగతి. పక్క ఊళ్లో పెళ్లి. బాబాయి రాత్రంతా ఫోటోలు తీశాడు. ఫ్లాష్ వెలుగుతోంది, కౌంటర్‌లో అంకె జరుగుతోంది, అన్నీ బాగానే ఉన్నాయి. తెల్లారి వచ్చి రీలు కడిగి, లైటుకి పట్టి చూస్తే గాజుముక్కలాగా తేటగా ఉంది. ఒక్క బొమ్మ లేదు. రీలు కొస లోపలి స్పూల్‌కి సరిగ్గా పట్టుకోలేదు, లీవర్ తిప్పుతుంటే కౌంటర్ జరిగింది గానీ రీలు కదల్లేదు. జీలకర్రా బెల్లం, మాంగళ్యధారణ, తలంబ్రాలు, మొత్తం ఆ ముప్పై ఆరులోనే ఉన్నాయి.

ఇక్కడ ఆయన చేయగలిగిన పనులు రెండున్నాయి. రీలు పాతదని, కంపెనీ లోపమని చెప్పొచ్చు, పెళ్లివారికి తెలిసే దారి లేదు. ఆయన మధ్యాహ్నం బస్సెక్కి పెళ్లికూతురి ఇంటికి వెళ్లి, నా తప్పే, ఎక్కించేటప్పుడు చూసుకోలేదు అని చెప్పాడు. వాళ్ల పెదనాన్న చెయ్యెత్తాడట. చివరికి ఒప్పుకుని, వాడిన దండలే మళ్లీ వేసి, పందిట్లో మిగిలిన కొబ్బరాకులు వెనక కట్టి, జంటని కూర్చోబెట్టారు. కట్టిన తాళి తీయకూడదు కాబట్టి పెళ్లికొడుకు దాన్నే మెడ వెనక పట్టుకుని కడుతున్నట్టు చేశాడు. ఆ ఆల్బమ్ నేను చూశాను. తాళి కట్టే ఫోటోలో పెళ్లికూతురు పకపకా నవ్వుతోంది. ఆ కాలం పెళ్లి ఆల్బమ్‌లలో అలా నవ్వే పెళ్లికూతురు నాకు ఇంకెక్కడా కనపడలేదు.

డబ్బులు తీసుకోలేదు. అప్పట్నుంచీ ఆయనకి ఒక అలవాటు: లీవర్ తిప్పిన ప్రతిసారీ ఎడమవైపు పైనున్న రివైండ్ నాబ్ మీద బొటనవేలు వేసి ఉంచేవాడు. లోపల రీలు కదిలితే ఆ నాబ్ తనంతట తనే తిరుగుతుంది. డిజిటల్‌కి మారాక, నాబ్ లేని చోట, ఆ బొటనవేలు అలవాటుగా అక్కడికే వెళ్లేది. వీడియోల్లో ఉంది.

ఫిల్మ్ మనిషిని జాగ్రత్తపరుణ్ణి చేస్తుందనడానికి ఇంతకంటే మంచి కథ నా దగ్గర లేదు. అయినా ఆ వాదనకి నేను పూర్తిగా లొంగను. ఎందుకంటే ఆ భయమే ఆయన ఫోటోలని ఒకేలా చేసింది. ముప్పై ఏళ్ల ఆల్బమ్‌లు వరసగా పేర్చితే పెళ్లికొడుకు వైపు వాళ్లు వరసగా, పెళ్లికూతురు వైపు వాళ్లు వరసగా, జంట నిలువుగా, ఫ్లాష్ ముఖమ్మీద సూటిగా, వెనక గోడ మీద నల్లటి నీడ. రీలు ఖరీదైనది, పొరపాటు ఇంకా ఖరీదైనది, కొత్తగా ప్రయత్నించే మనిషి ఎవడు? తక్కువ ఫ్రేములుంటే బాగా ఆలోచిస్తామని అంటారు కదా, చాలాసార్లు ఆ ఆలోచన "పోయినసారి తీసినట్టే తీద్దాం" దగ్గర ఆగిపోతుంది.

ఫిల్మ్ ఉంటే చేతికి అదుపు దానంతటదే వస్తుందన్నది కూడా ఒట్టిమాటే. న్యూయార్క్ వీధుల్లో ఫోటోలు తీసిన గ్యారీ వినోగ్రాండ్ 1984లో చనిపోయేటప్పటికి కడగని రీళ్లే 2,500 దాకా మిగిలాయి. తను తీసినవి తనే చూసుకోలేదు. ఫోన్లో నలభై వేల ఫోటోలు పెట్టుకున్న మనలో ఎవరికీ ఆయన్ని చూసి ముక్కున వేలేసుకునే హక్కు లేదు, అది వేరే విషయం.

"రంగు కొంచెం తేల్చండి"

ఫిల్మ్ నిజం చెప్తుంది, డిజిటల్ అబద్ధం చెప్తుంది అనేవాళ్లని బాబాయి టచింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టాలి.

ఏటవాలు బల్ల, మధ్యలో గరుకు అద్దం, కింద కిటికీ వెలుతుర్ని పైకి కొట్టే మామూలు అద్దం. నెగటివ్‌ని గరుకు అద్దం మీద పెట్టి, తల మీంచి నల్లగుడ్డ కప్పుకుని, పెన్సిల్‌తో పని. పెన్సిల్ మొన అంగుళం పైన పొడుగు, సూదిలా గరుకు కాగితం మీద తీసింది. మొటిమ, అమ్మవారి మచ్చ, కళ్ల కింద నలుపు, ఇవి నెగటివ్‌లో తారుమారై తేటగా కనిపిస్తాయి. ఆ తేట చోట కామా అంత చిన్న గీతలు, ఒకదాని పక్కన ఒకటి, నింపుకుంటూ పోతే ప్రింటులో మచ్చ మాయమవుతుంది. గీత బరువైతే ప్రింటులో తెల్లటి పొడలా తేలుతుంది. ఒక ముఖానికి గంట, గంటన్నర. 120 అనే వెడల్పాటి రీలులో ముఖం కాస్త పెద్దగా ఉంటుంది కాబట్టి కుదిరేది, సన్నటి 35 ఎంఎం రీలు వచ్చాక ముఖం బఠాణీగింజంత అయిపోయి ఆ పనీ పోయింది.

పెళ్లిచూపుల ఫోటోలే ఎక్కువ. అమ్మాయి తల్లి వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించి "రంగు కొంచెం తేల్చండి" అనేది. ప్రింటు వేసేటప్పుడు వెలుతురు ఒకటి రెండు సెకన్లు తగ్గిస్తే చాలు, తేలుతుంది. ఇవాళ ఫోన్లో ఫిల్టర్ చేసే పనే, కాకపోతే చేత్తో. ఒకసారి ఇలాగే రంగు తేల్చి, మచ్చలు తీసి ఇచ్చిన ఫోటో చూసి పెళ్లివారొచ్చారు, అమ్మాయిని చూసి వెళ్లిపోయారు. నాలుగు రోజుల తర్వాత ఆ అమ్మాయి తండ్రి స్టూడియోకి వచ్చి, ఫోటో బల్ల మీద పెట్టి, ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడట. ఇది చెప్పేటప్పుడు బాబాయి ముఖం చిన్నబోయింది. చిన్నబోయిన ముఖంతోనే, "టచింగ్ మాత్రం ఎక్కడా దొరకదురా అందులో" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది. పనితనం మీద గర్వం మంచీచెడ్డా చూడదని నాకు తెలిసింది అక్కడే. ఇది మా ఊరి సంగతే కాదు, అమెరికన్ ఫోటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ అంతటివాడు 1954లో, ఆఫ్రికాలో ఆస్పత్రి నడిపిన డాక్టర్ ఆల్బర్ట్ ష్వైట్జర్ ఫోటోలో వేరే నెగటివ్ నుంచి ఒక చెయ్యీ ఒక రంపం పిడీ తెచ్చి అతుకు తెలియకుండా కలిపాడు.

ఇంకొకావిడ కథ చెప్పాలి. భర్త పోయాడు, ఇద్దరూ కలిసున్న ఫోటో ఒక్కటీ లేదు. ఆయనది ఏదో మీటింగ్ గ్రూప్ ఫోటోలో మూడో వరసలో గోరంత ముఖం ఉంది. బాబాయి దాన్ని కాపీ తీసి, పెద్దది చేసి, కత్తిరించి, ఆవిడ ఫోటో పక్కన అంటించి, అతుకులు బ్రష్షుతో మూసి, మళ్లీ మొత్తాన్ని ఫోటో తీసి, ఆ నెగటివ్‌కి టచింగ్ చేసి ప్రింటు వేశాడు. మూడు రోజుల పని. ఆవిడ దాన్ని కొంగుతో తుడిచి తీసుకెళ్లింది. ఇవాళ ఆ పని ఫోన్లో నిమిషంలో అవుతుంది, ఇంకా శుభ్రంగా అవుతుంది. ఆవిడకి ఏమైనా తేడా ఉంటుందా? ఉండదనే అనుకుంటున్నా. భర్త పక్కన ఉన్నాడు, అంతే కావాల్సింది. మూడు రోజులా నిమిషమా అన్నది చేసినవాడి గోల.

అలాగైతే ఆ గోలకి విలువేమిటి అని నన్ను నేనే అడిగాను. ఇప్పటికీ గట్టి సమాధానం దొరకలేదు. ఒకటి మాత్రం ఉంది: ఆ ఫోటోలో భర్త భుజం కొంచెం కిందకి ఉందని, వెలుతురు ఆవిడకి ఎడమ నుంచి పడితే ఆయనకి కుడి నుంచి పడిందని, అది తను సరిచేయలేకపోయానని బాబాయికి నలభై ఏళ్ల తర్వాత కూడా గుర్తుంది. ఫోన్‌లో చేసిన బొమ్మలో భుజం తేడా వస్తే అలా గుర్తుపెట్టుకునేవాడు ఎవడూ ఉండడు. "మళ్లీ నొక్కు, ఇంకోటి వస్తుంది."

బటన్ మీరు నొక్కండి

మెషినే తీసేస్తుంది అన్న తిట్టు డిజిటల్‌కి కొత్తగా వచ్చింది కాదు. 1888లో కొడాక్ మొదటి కెమెరాని అమ్మిన మాటే అది: బటన్ మీరు నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం. లోపల వంద ఫోటోలకి సరిపడా రీలు పెట్టి ఇచ్చేవాళ్లు, అయిపోయాక కెమెరా మొత్తాన్నీ కంపెనీకే పంపేస్తే కడిగి, ప్రింట్లు వేసి, కొత్త రీలు ఎక్కించి తిరిగి పంపేవాళ్లు. గాజు పలకల మీద తామే మందు పూసుకుని తీసినవాళ్లకి ఇది ఎలా కనిపించి ఉంటుందో ఊహించుకోండి. మా మేనల్లుడు చేస్తున్నది సరిగ్గా ఇదే, ఊరు మారిందంతే. డిజిటల్ కెమెరా పుట్టిందీ ఆ కొడాక్‌లోనే అన్నది అందరికీ తెలిసిందే, 1975లో అక్కడి ఇంజినీరు స్టీవెన్ సాసన్ చేసిన పెట్టె ఒక్క బొమ్మని క్యాసెట్ మీద రాసుకోవడానికి 23 సెకన్లు తీసుకునేది.

పోనీ పెద్దవాళ్లందరూ మొదటి నుంచి చివరి దాకా తామే చేశారా అంటే, అదీ లేదు. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ కార్టియె-బ్రెసాన్ తన ప్రింట్లు తను వేసుకోలేదు, ప్యారిస్‌లో ల్యాబ్ వేసిపెట్టింది. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్, మన రాజా దీన్‌దయాళ్ సంగతే తీసుకోండి. సికింద్రాబాద్ స్టూడియోలో పదులమంది పనిచేసేవాళ్లు. 1892లో హైదరాబాద్‌లో పెట్టిన జనానా స్టూడియోని ఒక ఇంగ్లీషావిడ చూసుకునేది, పరదా చాటు ఆడవాళ్లని ఆవిడే తీసేది. అన్నిటి మీదా పేరు దీన్‌దయాళ్‌దే. డార్క్ రూమ్ గురించి అందరికంటే ఎక్కువ చెప్పిన అమెరికన్ ఫోటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ అయితే, ఎలక్ట్రానిక్ బొమ్మ వస్తుందని, దాని కోసం ఎదురుచూస్తున్నానని 1980ల మొదట్లోనే రాసిపెట్టి పోయాడు. గురువు వెళ్లిపోదామన్న చోటుకి శిష్యులు రామంటున్నారు.

దీంతో నా వాదనకే చిక్కొచ్చిందని తెలుసు. బ్రెసాన్ ప్రింట్లు ఇంకొకరు వేస్తే బ్రెసాన్‌కి గర్వపడే హక్కు లేదా? ఉంది. ఆయన తన పని ఎక్కడిదాకానో ఎప్పుడూ దాచలేదు. ఫ్రేము నాది, అది తప్పైతే నాది, ప్రింటు వాళ్లది. గీత ఎక్కడుందో చెప్పడమే కావాలి. గీత చెరిపేసి మొత్తం నాదేనంటేనే నాకు పేచీ.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆ పాత పనితనంలో సగం దాచిపెట్టిన విద్య. బాబాయి తెనాలిలో ఒక స్టూడియోలో నేర్చుకున్నాడు. మొదటి ఏడాదంతా ఊడ్చడం, ట్రేలు కడగడం, కస్టమర్లకి దువ్వెన అందించడం. మందు కలిపేటప్పుడు గురువుగారు తలుపేసుకునేవాడు. ఆ నాలుగు అంకెల కోసం మూడేళ్లు ఆగాల్సి వచ్చింది. ఇవాళ యూట్యూబ్‌లో ఐదు నిమిషాలు. అప్పట్లో ఆ తలుపు దాటి లోపలికెళ్లిన ఆడపిల్లని మా జిల్లాలో నేను చూడలేదు, ఇప్పుడు పెళ్లిళ్లలో కెమెరాతో ఆడపిల్లలు కనిపిస్తున్నారు. పనితనం పోయిందని ఏడ్చేటప్పుడు, అది ఎవరెవరికి అందనివ్వలేదో కూడా గుర్తుంచుకుంటే మంచిది.

"నాదే తప్పు సార్"

రెండో బంతిలో ఆ పెళ్లి ఫోటోగ్రాఫర్ నా పక్కనే కూర్చున్నాడు. మా వాడి మాటకి సారీ చెబుదామని మొదలుపెట్టాను. "వదిలేయండి సార్, రోజూ వినేదే" అన్నాడు. తర్వాత మాటల్లో పడ్డాం.

స్టేజి మీద ఎల్ఈడీ లైట్లు మన కంటికి నిలకడగా కనిపిస్తాయి గానీ నిజానికి చకచకా ఆరి వెలుగుతుంటాయట. షట్టర్ స్పీడ్ కొంచెం అటూ ఇటూ అయితే ఫోటోలో అడ్డంగా నల్లటి చారలు. మన కరెంటుకి సెకనులో యాభయ్యో వంతో వందో వంతో పెడితే చాలావరకు తప్పించుకోవచ్చట, కానీ అక్షింతలు ఎగిరేటప్పుడు ఆ స్పీడ్ చాలదు. ఏది వదులుకోవాలో అప్పటికప్పుడు తేల్చుకోవాలి. డెకరేషన్ వాళ్లు ఊదారంగు లైటు పెడితే మనిషి ఒంటి రంగు ఎంత ఎడిట్ చేసినా వెనక్కి రాదట. ఫోటోలు ఒకేసారి రెండు కార్డుల్లో పడేలా పెట్టుకుంటాడు. రెండు రోజుల పెళ్లికి నాలుగు వేల ఫోటోల దాకా వస్తాయి, అందులోంచి నాలుగు వందలు ఏరాలి. "ఆల్బమ్ డిజైన్ బయట ఇస్తాను సార్. ఏరడం మాత్రం ఎవరికీ ఇవ్వను."

ఎప్పుడైనా పోయిందా అని అడిగాను. పప్పులో నెయ్యి కలుపుతూ కాసేపు ఊరుకున్నాడు. "పోయినేడాది. తాళి కట్టేటప్పుడు పెళ్లికూతురి మేనత్త ముందుకొచ్చి ఫోన్ ఎత్తింది. ఫోకస్ ఆ ఫోన్ మీద పడింది. ఎనిమిది ఫ్రేములు, ఎనిమిదింట్లో ఫోన్ షార్ప్, తాళి మసక." కెమెరా కళ్లని పట్టుకుంటుందంటారు కదా అన్నాను. "పట్టుకుంటుంది సార్. నేను నిలబడ్డ చోటు తప్పు. అక్కడికి ఎవరో ఒకరు వస్తారని నాకు తెలుసు. నాదే తప్పు."

బాబాయి పక్కనుంచి ఇదంతా విన్నాడు. మజ్జిగ పోసుకుంటూ "ఫ్లాష్ ఎంత దూరంలో పెట్టావు?" అని అడిగాడు. అక్కడి నుంచి నాకు వాళ్ల మాటలు అందలేదు, అరిటాకు మీద వేలితో మండపం గీసుకుని, ఇక్కడ లైటు, అక్కడ పంతులు అని ఏదో లెక్కలేసుకుంటున్నారు. డెబ్బై ఆరేళ్లాయనకి, ముప్పై ఏళ్లతనికి మధ్య ఫిల్మా డిజిటలా అన్న మాటే రాలేదు. మా మేనల్లుడు ఎదురు వరసలో తన కెమెరాని ఫోన్‌తో ఫోటో తీసుకుంటున్నాడు. వెటకారానికి చెప్పడం లేదు, నేనూ అలా చాలాసార్లు చేశాను.

ఫిల్మ్ మన్నుతుంది, హార్డ్ డిస్క్ పోతుంది అని ఎవరైనా కామెంట్ పెట్టేలోపే ఇంకొకటి చెప్పేస్తాను. బాబాయి దగ్గర ముప్పై ఏళ్ల నెగటివ్‌లు బ్రౌన్ కవర్లలో, నంబర్లు వేసి, రిజిస్టర్‌తో సహా ఉండేవి. 2009లో స్టూడియో ఖాళీ చేసినప్పుడు వెండి తీసేవాళ్లకి కిలోల లెక్కన అమ్మేశాడు. రెండు గోతాలు. బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లో నలుపంతా వెండే కదా. ఆ జారిన రీలు తర్వాత తీసిన నవ్వే పెళ్లికూతురు, భర్త భుజం కిందికున్న ఆవిడ, మా అమ్మ పెళ్లి కాకముందు ఫోటో, అన్నీ ఆ గోతాల్లోనే. రిజిస్టర్ మాత్రం ఇప్పటికీ ఇంట్లో ఉంది.

పోయిన ఆదివారం మేనల్లుడు రేపల్లె వెళ్లాడు. ల్యాబ్‌కి వెళ్లి నెగటివ్‌లు అడిగి తెచ్చుకున్నాడట. ఆ మధ్యాహ్నం నాకు వీడియో కాల్ చేశారు. బాబాయి కిటికీ దగ్గర కూర్చుని, ఒక స్ట్రిప్పుని అంచులు పట్టుకుని వెలుతురుకి ఎత్తి, రెండో చేత్తో భూతద్దం పట్టుకుని చూస్తున్నాడు. ఒకదాని దగ్గర ఆగాడు.

"ఇది పలచగా ఉందిరా. వెలుతురు స్టాప్ పైనే తక్కువ పడింది, సగం కూడా అందలేదు."

"స్కాన్‌లో బాగానే వచ్చింది కదా తాతయ్యా?" వాడు ఫోన్‌లో ఆ ఫోటో వెతికి చూపించాడు. మేనమామ మోసుకొచ్చిన బుట్టలోంచి పెళ్లికూతురు దిగుతున్న ఫోటో, వాడు పెట్టినవాటిలో ఎక్కువ లైకులొచ్చింది అదే.

బాబాయి ఫోన్ వైపూ నెగటివ్ వైపూ మార్చి మార్చి చూశాడు. "స్కాన్ చేసినవాడు లేపాడు దీన్ని. మంచి చెయ్యి. వాడి పేరేమిటో కనుక్కో."